ఏడో కుర్చీ

ట్రాయ్, మిషిగన్
1979 జనవరి 20

చెల్లి లూసీకి,

అక్క నవోమి రాసేది. ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు కౌంటీ కోర్టులో జడ్జివయ్యావని చదివి సంతోషించాను. అలా రాస్తే చాలదనిపించింది. చాలా సంతోషించాను.

మీ బావ ఆఫీసులో స్వీట్లు పంచారు. కార్లకు బ్రేకులు డిజైన్ చేసుకునేవాళ్లకు ఎవరు జడ్జి అయితే ఏమిటి గాని, ఆయన సంబరం ఆయనది. "మా మరదలు జడ్జి. మా ఆవిడ కూడా లాయరే" అని చెప్పారట. ఆ "కూడా" దగ్గర నా ప్రాణం చివుక్కుమంది.

విశాఖపట్నంలో లా చదివినప్పుడు క్లాసులో ఫస్ట్ వచ్చింది నేను. ఏలూరు కోర్టులో రెండేళ్లు నల్లకోటు వేసుకుని వాదించింది నేను. మిషన్ వాళ్లు "మీ పిల్లల్లో ఒకరిని అమెరికాలో చదివిస్తాం" అన్నప్పుడు నాకు సంబంధం కుదిరి ఉంది కాబట్టి నాన్నగారు నిన్ను పంపారు. ఇది నిష్ఠూరం కాదు, జరిగింది చెబుతున్నాను. నా డిగ్రీ ఇక్కడ చెల్లదట. నేనిప్పుడు ఊరి లైబ్రరీలో పుస్తకాలకు తేదీ ముద్రలు వేస్తున్నాను.

పెరట్లో వేసిన గోంగూర మంచుకు ఎప్పుడో పోయింది. కారు తలుపు గడ్డకట్టుకుపోతే వేడినీళ్లు పోశాను. పొయ్యకూడదట, అద్దం పగిలింది.

నల్ల గౌను వేసుకుని ఫొటో తీయించుకున్నావా? ఒకటి పంపు. చూడాలనీ ఉంది, చూడకపోతేనే నయమనీ ఉంది.

మీ అక్క,
నవోమి

*

హార్లన్‌బర్గ్
1979 ఫిబ్రవరి 11

అక్కా,

వందనాలు. ఫొటో పంపుతున్నాను. గౌను మగవాళ్ల కొలతకు కుట్టింది, కింద మడిచి పిన్నులు పెట్టుకున్నాను. ఫొటోలో తెలియదు.

మొదటిరోజు ఏం జరిగిందో చెప్పనా? కోర్టుహాల్లోకి వెళ్తుంటే అక్కడి ఉద్యోగి నన్ను ఆపి, "దుబాసీలు ఆ పక్కన కూర్చోవాలమ్మా" అన్నాడు. నేను జడ్జినని చెబితే పాపం అతని ముఖం ఎర్రబడింది. సాయంత్రం ఇంటికొచ్చి నవ్వుకుందామనుకుంటే చెప్పుకోవడానికి ఎవరూ లేరు. నీకేం, తలుపు తీయగానే రేణు పరిగెత్తుకొస్తుంది, బావ ఉంటారు.

నువ్వు నిష్ఠూరం కాదన్నావు కాబట్టి నేను కూడా కాదనే అనుకుంటున్నాను. కానీ ఒక మాట. నువ్వు మళ్లీ చదవొచ్చు కదా అక్కా? నేను ప్రాసిక్యూటర్ ఆఫీసులో పనిచేసేటప్పుడు నా పక్కన ఉన్నాయన నలభయ్యో ఏట లా కాలేజీలో చేరాడు. ఇంకా ఆలస్యం కాలేదు.

బావని అడిగానని చెప్పు. రేణుకు ముద్దులు.

నీ లూసీ

*

ట్రాయ్
1985 ఫిబ్రవరి 4

లూసీకి,

గవర్నరు నిన్ను మీ రాష్ట్ర సుప్రీం కోర్టుకు తీసుకున్నాడన్న సంగతి చర్చిలో పాస్టరు దైవాశీర్వాదంగారు ఆరాధన మధ్యలో ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఒకాయన వచ్చి "అంటే ప్రెసిడెంటు మీద కేసు వేస్తే మీ చెల్లెలే వింటారా?" అని అడిగాడు. ఇక్కడ ప్రతి రాష్ట్రానికీ ఒక సుప్రీం కోర్టు ఉంటుందనీ, మన హైకోర్టులాంటిదనీ, ఏడుగురు జడ్జీలుంటారనీ కాఫీ చల్లారిపోయేదాకా నేనే విడమరచి చెప్పాను. నీ గొప్ప వివరించడం నా ఉద్యోగమైపోయింది.

నీ ప్రమాణస్వీకారానికి మేం బయల్దేరాం. ఒహాయో దాటకముందే మంచులో కారు జారి పక్క కాలవలోకి పోయింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. మెకానిక్ షెడ్డులో హీటరు పక్కన కూర్చుని, నువ్వు బైబిలు మీద చెయ్యి పెట్టే టైముకు నేను కాగితం కప్పులో సూపు తాగాను.

తరవాత పేపర్లో నీ ప్రసంగం చదివాను. మిషనరీ దొరసానికి కృతజ్ఞతలు చెప్పావు. లా కాలేజీ ప్రొఫెసరుకు చెప్పావు. గౌను సరిచేసిన దర్జీకి కూడా చెప్పావు. నాకు లేదు. నీకు అక్షరాలు దిద్దించినదాన్ని, నీకోసం ఓడ టిక్కెట్టు వదులుకున్నదాన్ని.

ఇంకో ముచ్చట. రేణు అద్దం ముందు నిలబడి నా నల్ల షాలు కప్పుకుని "ఐ యామ్ జస్టిస్ లూసీ" అంటోంది. "మమ్మీ కూడా లాయరే" అని మీ బావ అంటే, "రియల్లీ? మమ్మీ లైబ్రరీ కదా!" అంది. పదకొండేళ్ల పిల్లకు నేను లైబ్రరీని.

నీ పదవి నీకు దీవెనకరం కావాలి.

నవోమి

*

హార్లన్‌బర్గ్
1985 మార్చి 3

అక్కా,

కారు జారిందని నాకెందుకు ఫోన్ చెయ్యలేదు? ముందు వరసలో మీ ముగ్గురి కుర్చీలూ ఖాళీగా ఉన్నాయి. కార్యక్రమం మొదలుపెట్టకుండా కాసేపు ఆపించాను. మా ప్రధాన న్యాయమూర్తి వాచీ చూసుకున్నారు. నీకు రావాలని లేక రాలేదనుకున్నాను. ఆ కోపంతోనే నీ పేరున్న పేరా చదవకుండా కాగితం తిప్పేశాను. రాసుకున్నాను అక్కా, నిజం. ఖాళీ కుర్చీలకు చదవలేకపోయాను.

పిచ్చిదాన్ని. నువ్వూ అంతే.

ఇక్కడ పని చాలా ఎక్కువ. ఆరుగురు మగవాళ్లు, నేను. నేను మాట్లాడితే వింటారు, విన్నాక ఎవరో ఒకరు అదే మాట గట్టిగా అంటారు, అప్పుడు అందరూ తలూపుతారు. మూడేళ్లకు జనం నన్ను ఉంచాలో వద్దో ఓటు వేస్తారు. అంతదాకా ప్రతి వాక్యం ఆచితూచి రాయాలి.

రేణుతో నేను మాట్లాడతాను. మమ్మీ లైబ్రరీ కాదని చెబుతాను.

లూసీ

*

ట్రాయ్
1987 ఫిబ్రవరి 15

లూసీకి,

నువ్వేమీ రేణుతో మాట్లాడి నన్ను ఉద్ధరించనక్కర్లేదని అప్పుడే రాద్దామనుకుని ఊరుకున్నాను.

నీ తీర్పులన్నీ లైబ్రరీకి తెప్పించుకుని చదువుతున్నానని నీకు తెలియదు. బాగానే రాస్తున్నావు. వాక్యాలు మరీ పొడుగు. చిన్నప్పుడు స్కూల్లో నీ వ్యాసాలు నేను రాసిచ్చిన రోజుల నుంచీ చెబుతున్నాను, చెప్పదలచింది ముందు చెప్పమని. అన్నట్టు థాంక్స్‌గివింగ్ పండగకి నువ్వు చేసిన చేపల పులుసులో చింతపండు ఎక్కువైంది. మీ బావ మొహమాటపడి రెండోసారి వేయించుకున్నారు.

అసలు సంగతికి వస్తాను. తెరెసిత అనే ఫిలిప్పీన్స్ ఆవిడ కేసు మీ దగ్గర ఉందట కదా, పేపర్లో చూశాను. తన దేశంలో తొమ్మిదేళ్లు లాయరుగా పనిచేసి వచ్చింది. అమెరికా కాలేజీలో చదవలేదు కాబట్టి లాయరు లైసెన్సుకు రాసే బార్ పరీక్షకే కూర్చోనివ్వం అందట పరీక్ష బోర్డు. ఆ వార్త చదివి నాకు అన్నం సహించలేదు.

బోర్డువాళ్ల లాయరు వాదన ఏమిటి? చాతకాని లాయర్ల నుంచి ప్రజల్ని కాపాడాలని. సరే. చాతనవునో కాదో తేల్చడానికే కదా పరీక్ష! రాయనివ్వకపోతే కాపాడినట్టా, పరీక్ష పెట్టకుండానే ఫెయిల్ చేసినట్టా? నియమంలో "ఆమోదం పొందిన కాలేజీ" అని ఉందంటారు. ఎవరు ఆమోదించాలి? ఆ బోర్డే. ఆమోదం కోసం ఆవిడ అర్జీ పెడితే, పరిశీలించే పద్ధతే మాకు లేదన్నారు. తలుపుకు తాళం వేసి, తాళంచెవి చేయించలేదు కాబట్టి తెరవలేం అనడం న్యాయమా? మీ కోర్టే పెట్టిన నియమం ఇది, శాసనసభ చేసిన చట్టం కాదు. మీ కోర్టు సరిచేయగలదు. నేను ఆ కుర్చీలో ఉంటే ఇలా రాసేదాన్ని. నువ్వు రాయగలవా?

ఈ తలుపు తెరుచుకుంటే రేపే పెట్టె సర్దుకుని మీ రాష్ట్రానికి వచ్చి పరీక్ష రాస్తాను. నీ మెదడూ నా మెదడూ ఒక ఇంట్లోనే తయారయ్యాయి. దానికి గౌను దొరికింది, దీనికి తేదీ ముద్ర దొరికింది.

వెంటనే జవాబు రాయి.

మీ అక్క,
నవోమి

*

ట్రాయ్
1987 మే 24

జస్టిస్ లూసీగారికి,

వెంటనే రాయమన్నాను. చలి పోయి ఎండ వచ్చింది, నీ ఉత్తరం రాలేదు. ఫోన్ చేస్తే నీ సెక్రటరీ "షి కెనాట్ టేక్ యువర్ కాల్" అంది. అక్క ఫోన్ తియ్యలేనంత పదవా!

ఇప్పుడు తెలిసింది ఎందుకో. ఇవాళ చర్చిలో మా స్నేహితురాలు ఉష నా చేతిలో పేపరు కటింగ్ పెట్టింది, వాళ్ల అన్నయ్య మీ రాష్ట్రం నుంచి పంపాడట. నేను నీకు రాసిన ఉత్తరం, ఇంగ్లీషులో, అచ్చులో! "జడ్జిగారి వ్యాసాలు అక్క రాసేదట" అని పైన పెద్ద అక్షరాలు. చేపల పులుసు కూడా వేశారు. మీ బావ మొహమాటం కూడా వేశారు.

అనువాదం చేసింది ఎవరనుకున్నావు? మన దైవాశీర్వాదంగారే! ఇన్ని ఆదివారాలు నా ముఖం చూసి, నా చేతి కాఫీ తాగి, ఒక్క మాట చెప్పలేదు. అడిగితే, "ప్రమాణం చేయించుకున్నారమ్మా, ఎవరికీ చెప్పకూడదన్నారు. దినమూ మీకోసం ప్రార్థన చేశాను" అన్నారు.

నా కడుపులో మంట నలుగురికీ చూపించి నవ్వించాలనుకున్నావా? నీకంటే నాకు బాగా తెలుసని నిరూపించానని కక్ష తీర్చుకున్నావా? ఇక నీకు ఉత్తరం రాయను. రాస్తే మళ్లీ అచ్చు వేయిస్తావు.

నవోమి

*

హార్లన్‌బర్గ్
1987 జూన్ 19

అక్కా,

నిన్న తీర్పు వచ్చింది. ఇప్పటిదాకా నీతో మాట్లాడే వీలు నాకు లేదు. ఇప్పుడు ఉంది. కోపం తరవాత పడుదువుగాని, ముందు చదువు.

ఫిబ్రవరిలో నీ ఉత్తరం వచ్చినప్పుడు చేపల పులుసు దగ్గర నవ్వుకుంటూ చదివాను. తెరెసిత పేరు కనబడగానే ఆపాల్సింది. ఆపలేకపోయాను. నువ్వు వాదిస్తుంటే ఎవరు ఆపగలరు? "పరీక్ష పెట్టకుండానే ఫెయిల్ చేసినట్టా" దగ్గర లేచి నిలబడ్డాను. ఆ కింద "రేపే పెట్టె సర్దుకుని వచ్చి పరీక్ష రాస్తాను" అని చూసి మళ్లీ కూర్చున్నాను.

జడ్జితో పెండింగు కేసు గురించి ఎవరైనా చాటుగా మాట్లాడితే అది రెండు పక్షాలకూ చూపించాలి. ఆ మాట్లాడింది జడ్జి అక్కే అయితే, ఆ తీర్పు వల్ల ఆమెకే లాభం ఉంటే, జడ్జి ఆ కేసు నుంచి తప్పుకోవాలి. నీకు ఇది తెలియదనను. ఏలూరులో మున్సిఫ్‌గారి ఇంటికి క్లయింటు మామిడిపళ్ల బుట్ట పంపితే నువ్వే వెనక్కి పంపించావు. నీ చెల్లెలికి రాసేటప్పుడు మరిచిపోయావు. నేను జడ్జినని నువ్వు ఎప్పుడూ నమ్మలేదు కదా!

మర్నాడు పొద్దున్నే ప్రధాన న్యాయమూర్తి దగ్గరికి వెళ్లాను. పెద్దాయన కళ్లజోడు తీసి, "ఆమె వాదన బాగుందా?" అని అడిగారు. "నేను చెప్పకూడదండీ" అన్నాను. "అంటే బాగుందన్నమాట" అన్నారు.

ఉత్తరం ఫైల్లో చేరింది. నేను అనువదించకూడదు. ఈ చుట్టుపక్కల తెలుగు చదివేవాళ్లు ఎవరూ దొరక్క కోర్టువాళ్లు పాస్టరుగారిని పట్టుకున్నారు. ఒక్క అక్షరం వదలకూడదని చెప్పారు కాబట్టి ఆయన వదల్లేదు. ఫైలు ఎవరైనా చూడొచ్చు. పేపరువాళ్లు చూశారు.

తీర్పు మూడు, మూడు. ఏడో కుర్చీ ఖాళీ. సగం సగమైతే బోర్డు మాటే నిలుస్తుంది. తెరెసిత ఓడిపోయింది. కోర్టు మెట్ల మీద ఆవిడ నిలబడి ఉండడం నా కిటికీలోంచి చూశాను.

నేను కూర్చుని ఉంటే నాలుగు, మూడు అయ్యేది. తీర్పు నేనే రాసేదాన్ని. నువ్వు రాసినట్టే రాసేదాన్ని, కాస్త పొడుగు వాక్యాలతో.

వచ్చే ఏడాది నవంబరులో నా మీద ఓటు ఉంది. "ఈమె తీర్పులు ఎవరు రాస్తున్నారు?" అని అప్పుడే కరపత్రాలు వేశారు.

లూసీ

*

ట్రాయ్
1987 ఆగస్టు 9

లూసీకి,

నీ ఉత్తరం మీ బావ చేతికిచ్చి చదవమన్నాను. ఆయన చదివి, మడిచి, "గెలవాల్సిన కేసు నువ్వే ఓడించావు" అన్నారు. ఆయన ఎప్పుడూ అంత సూటిగా అనరు. వంటింట్లోకి వెళ్లి కడిగిన గిన్నెలే మళ్లీ కడిగాను.

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు. తెరెసిత ఎవరు, నేనెవరు? ఆవిడకు మేలు చేద్దామని రాశానా? నీకంటే బాగా ఆలోచించగలనని నీకు చూపిద్దామని రాశాను. నా వాదన నిజంగానే బాగుందని తెలిసి లోపల ఎక్కడో పొంగిపోయాను కూడా. ఇదీ రాస్తున్నాను, ఇదీ అచ్చు వేసుకోమను.

పోయిన మంగళవారం లైబ్రరీకి ఫోన్ వచ్చింది. తెరెసిత లాయరు. తిడతాడని భయపడ్డాను. "మేడమ్, మీ లెటర్ ఫైల్లో చదివాను. మేం కోర్టులో ఆ పాయింట్ చెప్పనే లేదు. కేసు అయిపోయింది గాని, నియమమే మార్చమని కోర్టుకు పిటిషన్ పెడుతున్నాం. బహిరంగ విచారణ జరుగుతుంది. ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. మీరు వస్తారా?" అన్నాడు.

"నేను మీకు చేసిన నష్టం తెలుసా?" అని అడిగాను.

"తెలుసు. అందుకే మీరే రావాలి" అన్నాడు.

ఆలోచించి చెబుతానని ఫోన్ పెట్టేశాను. నీతో ఈ విషయం మాట్లాడకూడదేమో. మాట్లాడకూడదంటే జవాబు రాయకు. ఈసారి అపార్థం చేసుకోను.

నవోమి

*

హార్లన్‌బర్గ్
1988 ఏప్రిల్ 17

అక్కా,

అప్పుడు జవాబు రాయలేదు. నువ్వు అపార్థం చేసుకోలేదు. సంతోషం.

విచారణ అయిపోయింది, నేను అందులో లేను, కాబట్టి ఇప్పుడు రాయొచ్చు. ఆ రోజు నువ్వు వెనక్కి తిరిగి చూడలేదు గనక నీకు తెలియదు. మా అక్క మాట్లాడుతుంది, నేను తప్పుకుంటున్నానని ముందే రాసిచ్చాను. కానీ నా గదిలో కూర్చోలేకపోయాను. గౌను తీసి కుర్చీ మీద వేసి, మామూలు చీరతో పక్క తలుపులోంచి వచ్చి జనంలో కూర్చున్నాను. రేణు చూసి జరిగి చోటిచ్చింది.

నువ్వు లేత నీలం చీర కట్టుకున్నావు. మా పెద్దాయన "ఇందులో మీ స్వలాభం ఉంది కదమ్మా?" అని అడిగినప్పుడు నేను రేణు చెయ్యి నొక్కేశాను. "ఉందండీ. అందుకే ఇరవయ్యేళ్లుగా ఆలోచించాను. స్వలాభం లేనివాళ్లు ఈ నియమం చదవనైనా చదవలేదు" అన్నావు. ఆరుగురూ నవ్వారు, ఆ తరవాత విన్నారు. నువ్వు చెప్పిన మాట ఇంకెవరూ గట్టిగా మళ్లీ అనాల్సిన అవసరం రాలేదు.

బయట విలేకరి నిన్ను పట్టుకున్నాడు. నేను స్తంభం వెనక ఉన్నాను. "జడ్జిగారి వ్యాసాలు మీరే రాసేవారా?" అన్నాడు. నువ్వు అవునంటే నా ఉద్యోగం పోతుంది, కాదంటే అబద్ధం. నువ్వన్నావు: "రాశాను, ఎనిమిదో క్లాసు వరకు. తొమ్మిదో క్లాసులో తనే రాసుకుంది, నా దానికంటే బాగుంది. ఆ రోజు నుంచీ నాకు నిద్రలేదు."

పేపరంతా అదే మాట.

అక్కా, అసూయ అంటే ఏమిటో నీ ఉత్తరాల్లో చదివాను గాని నాకు తెలియదు. ఆ రోజు తెలిసింది. నేను బెంచి మీద కూర్చుని తొమ్మిదేళ్లయింది. నిలబడి, కాగితం చూడకుండా, ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి వాదించడం మానేసి చాలా ఏళ్లయింది. నువ్వు అక్కడ నిలబడితే, ఆ చోటు నాదైతే బాగుండుననిపించింది. ఇన్నేళ్లు ఎలా భరించావు?

లూసీ

*

ట్రాయ్
1988 డిసెంబర్ 4

చెల్లి లూసీకి,

ఎలా భరించానని అడిగావు. బాగా భరించలేదు, నీకు తెలుసు. నీకూ కొంచెం తగిలిందంటే ఆ పూట నాకు ఆకలి బాగా వేసింది.

జనం నిన్ను ఉంచుకున్నారు. తక్కువ ఓట్లతోనైనా ఉంచుకున్నారు. దైవాశీర్వాదంగారు మళ్లీ ఆరాధన మధ్యలో ప్రకటించారు. ఈసారి నా అనుమతి ముందే అడిగారు.

నియమం మారిన కాగితం చదివాను. విదేశంలో కనీసం అయిదేళ్లు లాయరుగా పనిచేసినవాళ్లు పరీక్ష రాయొచ్చు. అయిదేళ్లు! నేను ఏలూరులో చేసింది రెండు. వాదించి వాదించి తెరిపించిన తలుపులో నేను పట్టను. మీ బావ భయపడి ఆ కాగితం దాచబోయారు. నేను నవ్వాను. కాసేపటికి నవ్వు ఆగిపోయింది గాని, మొదట నవ్వాననేది నిజం.

తెరెసిత పరీక్ష పాసై, పోయిన వారం ప్రమాణం చేస్తుంటే నన్ను పిలిచింది. ప్రమాణం చేయించింది నువ్వు. నీ పక్కన ఆవిడ కుడిచెయ్యి ఎత్తి నిలబడితే, మీ ఇద్దరిలో ఎవరి మీద ఎక్కువ కుళ్లుకోవాలో తేల్చుకోలేకపోయాను. ఆవిడ తరవాత వచ్చి నన్ను కావిలించుకుంది. చిన్న మనిషి, నా భుజం దాకా కూడా రాలేదు. "నా వల్ల మీరు ఓడిపోయారు" అన్నాను. "మీ వల్లే ఇక్కడున్నాను" అంది. రెండూ నిజమే.

కారులో తిరిగొస్తుంటే రేణు అడిగింది, "మమ్మీ, ఇప్పుడు నువ్ ఏం చేస్తావ్?" అని. వాళ్ల నాన్న డ్రైవ్ చేస్తూ అద్దంలోంచి నన్ను చూశారు. నేను అప్పటికే చేసేశాను. డెట్రాయిట్‌లో సాయంత్రం లా క్లాసుల్లో చేరాను, జనవరి నుంచి. మొదటి సంవత్సరం, మొదటి పాఠం. నా పక్కన ఇరవై రెండేళ్ల పిల్లలు కూర్చుంటారు. వాళ్లకు నాకంటే చురుగ్గా అర్థమైతే ఏం చేస్తానో దేవుడికే తెలియాలి.

చదువయ్యాక మీ రాష్ట్రంలోనే పరీక్ష రాస్తాను. అప్పీళ్లే చేస్తాను. నా కేసు మీ సుప్రీం కోర్టుకు వస్తుంది. అక్క లాయరుగా ఉన్న కేసు చెల్లెలు వినకూడదు, నువ్వే చెప్పావు. కాబట్టి ఒకటి గుర్తుపెట్టుకో. ఇంకా ఎంత పైకి వెళ్లినా, ఎంత పెద్ద కుర్చీలో కూర్చున్నా, నా వాదన నువ్వు అక్కడి నుంచి వినలేవు. వినాలనిపిస్తే కిందికి దిగి రావాలి.

వస్తావుగా?

మీ అక్క,
నవోమి